కళ్యాణంలో ఆడవాళ్ల సంతకాలు

హుమ్నాబాద్ దగ్గర జలసంగి అనే ఊరుంది. అక్కడి చాళుక్యుల కాలంనాటి శివాలయం బయటి గోడల నిండా ఆడవాళ్ల శిల్పాలే. ఆడేవాళ్లు, పాడేవాళ్లు, సింగారించుకునేవాళ్లు. వాళ్లలో ఒకామె మాత్రం పనిలో ఉంది. నిలబడి రాతిపలక మీద అక్షరాలు రాస్తోంది. ఆ అక్షరాలు ఇప్పటికీ చదవొచ్చు, సంస్కృతం. చాళుక్య విక్రమాదిత్యుడు ఏడు దీవుల భూమినీ తనది చేసుకుంటాడని రాస్తోంది ఆమె. కలం ఆమె చేతిలో ఉంది, మాట రాజుది. ఆమె పేరేమిటో శిల్పి చెక్కలేదు.

నేను జహీరాబాద్ ఆడబిడ్డని. కోడలిగా బసవకళ్యాణ్ వచ్చి, ఇక్కడి సర్కారు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. మా నాయన కాలంలో ఈ రెండు ఊళ్లూ బీదర్ జిల్లాలోవే. 1956లో హైదరాబాద్ రాష్ట్రాన్ని ముక్కలు చేసినప్పుడు మా పుట్టిల్లు మెదక్ జిల్లాకీ, అత్తిల్లు కన్నడదేశానికీ పోయాయి. నిజాం రోజుల్లో నవాబుల జాగీరుగా ఉన్న ‘కళ్యాణి’కి బసవకళ్యాణ్ అన్న పేరు వచ్చిందీ అప్పుడే. ఇక్కడి బజారులో ఇప్పటికీ కన్నడం, మరాఠీ, దక్కనీ, తెలుగు కలిసే నడుస్తాయి. కన్నడ అక్షరాలు నేర్చుకోవడానికి నాకు పెద్ద కష్టమేమీ కాలేదు. తెలుగు చదివేవాళ్లెవరైనా కొన్నాళ్లు ఓపిక పడితే కన్నడ పుస్తకం చదవగలరు. చదివితే మాత్రం ముందుగా ‘శివశరణెయర వచన సంపుట’ చదవమంటాను. కర్ణాటక ప్రభుత్వం 1993లో వేసిన పదిహేను వచన సంపుటాల్లో అయిదోది అది, వీరణ్ణ రాజూర సంపాదకులు. పన్నెండో శతాబ్దపు ఆడవాళ్లు ముప్పై మందికి పైగా ఆ ఒక్క పుస్తకంలో ఉన్నారు.

హైదరాబాద్ వైపు నుంచి ముంబై హైవే మీద బస్సుల్లో వచ్చే తెలుగువాళ్లు 108 అడుగుల బసవణ్ణ విగ్రహం కింద ఫోటోలు దిగుతారు. తర్వాత “అక్కమహాదేవిది ఎక్కడమ్మా?” అని అడుగుతారు. వాళ్లకు అక్క తెలుసు. శ్రీశైలం డ్యామ్ నుంచి లాంచీలో పోయి అక్కమహాదేవి గుహలు చూసొచ్చినవాళ్లే చాలామంది. మిగిలినవాళ్ల పేర్లు చెబితే “వీళ్లెవరు?” అంటారు. ఈ వ్యాసం ఆ ప్రశ్నకి జవాబు.

ముందు ఊరి సంగతి. చాళుక్య మొదటి సోమేశ్వరుడు పదకొండో శతాబ్దంలో రాజధానిని మాన్యఖేటం నుంచి కళ్యాణానికి మార్చాడు. ఆయన కొడుకు ఆరో విక్రమాదిత్యుడు 1076 నుంచి 1126 దాకా, అంటే యాభై ఏళ్లు ఏలాడు. కాశ్మీరం నుంచి బిల్హణుడు వచ్చి ఆ రాజు మీద కావ్యం రాసిపోయాడు. విజ్ఞానేశ్వరుడు ‘మితాక్షర’ రాసింది ఈ కొలువులోనే. మన దేశంలో బెంగాల్, అస్సాం తప్ప దాదాపు అంతటా హిందువుల ఆస్తి పంపకాలకు చాలాకాలం ఆ పుస్తకమే ఆధారంగా ఉండేది. ఆడదానికి వారసత్వంగా వచ్చినా, కొనుక్కున్నా, పంపకంలో వచ్చినా, దొరికినా అదంతా స్త్రీధనమేనన్నాడు విజ్ఞానేశ్వరుడు. ఆ రోజుల్లో అది పెద్ద మాట. దాన్ని 1867లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ ఒప్పుకోలేదు. మొగవాళ్ల నుంచి వారసత్వంగా వచ్చింది ఆమెకు సొంతం కాదంది. మళ్లీ 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, ఆడవాళ్ల ఆస్తి గురించి అంత వివరంగా చర్చించిన ఊళ్లో, ఆ చర్చలో ఒక్క ఆడమనిషి మాట కూడా రాతకెక్కలేదు.

శాసనాల్లో ఆడవాళ్లు లేరని కాదు. రెండో జయసింహుడి సోదరి అక్కాదేవి కిసుకాడు నాడుని పాలించింది, గోకాక కోటని ముట్టడించింది. శాసనాలు ఆమెని యుద్ధంలో భైరవి అంటాయి, ‘గుణదబెడంగి’ అని బిరుదు కూడా ఇస్తాయి. రాణులు అగ్రహారాలు ఏలారు, గుళ్లకి భూములిచ్చారు. ఆ దానం ఎన్ని మత్తర్ల నేలో, ఎల్ల ఎక్కడో, సాక్షులెవరో అన్నీ ఉంటాయి. ఆమె ఏమనుకుందో ఉండదు. శాసనం రాసేవాడు కవి, చెక్కేవాడు శిల్పి, పొగడ్త కులానిది. అక్కాదేవి గొంతు ఎలా ఉండేదో గోకాక కోటగోడకి తెలిసి ఉండాలి.

అలాంటి ఊళ్లో, విక్రమాదిత్యుడు పోయిన నలభై ఏళ్లలోపు, వడ్లు దంచే ఆమె మాట, నూలు వడికే ఆమె మాట, వాకిలి ఊడ్చే ఆమె మాట తాటాకు మీదికి ఎక్కడం మామూలు సంగతి కాదు. కళచుర్య బిజ్జలుడు గద్దెనెక్కాడు, బసవణ్ణ ఆయన దగ్గర భండారి. బసవణ్ణ చుట్టూ చేరినవాళ్లలో చెప్పులు కుట్టేవాళ్లు, పడవ నడిపేవాళ్లు, బట్టలుతికేవాళ్లు, తాళ్లు పేనేవాళ్లు ఉన్నారు. వాళ్లతో పాటు వాళ్ల ఆడవాళ్లూ వచ్చారు. చేసే పనే పూజ అన్నారు. ఆ పనిని ‘కాయకం’ అన్నారు. పని చేసే ప్రతివాళ్లకీ మాట్లాడే హక్కు ఉందన్నారు. వచనం అంటే ఛందస్సు అక్కర్లేని మాట. సంస్కృతం రాకపోయినా, వ్యాకరణం చదవకపోయినా చెప్పొచ్చు. ఆడవాళ్ల నోరు తెరిపించింది సగం ఆ మతమైతే, సగం ఆ ప్రక్రియే అని నా నమ్మకం. కందాలు, వృత్తాలు రాస్తేనే కవి అని పట్టుబట్టి ఉంటే ఈ పేర్లలో ఒక్కటీ మనదాకా వచ్చేది కాదు.

ఆయ్దక్కి లక్కమ్మ సంగతి చూడండి. లింగసుగూరు వైపు నుంచి మొగుడు మారయ్యతో కలిసి కళ్యాణం వచ్చింది. బసవణ్ణ ఇంటి వాకిట్లో రాలిన బియ్యపు గింజలు ఏరుకుని రావడం మారయ్య కాయకం. ఆ గింజలే వండి జంగమయ్యలకు పెట్టి, తామూ తినేవాళ్లు. ఒకరోజు మారయ్య మామూలు కన్నా ఎక్కువ బియ్యం మూటగట్టుకొచ్చాడు. లక్కమ్మ మూట విప్పి చూసి నిలదీసింది. ఇంత ఆశ రాజులకు ఉండొచ్చు గానీ శివుణ్ణి నమ్మినవాళ్లకు ఎందుకంది. తీసుకెళ్లి అక్కడే పోసి రమ్మంది. ఆ మందలింపులే వచనాలయ్యాయి. ఆమెవి పాతిక దాకా దొరుకుతున్నాయి. ఎక్కువ భాగం మొగుడితో మాట్లాడినట్టే ఉంటాయి. వేదాంతమూ అక్కడే, ఇంటి లెక్కా అక్కడే. పేదరికం చేతిలో ఉండొచ్చు, మనసు శుభ్రంగా ఉన్నవాళ్లకి పేదరికం అంటదు అన్నది ఆమె వాదం. ఏరుకున్న బియ్యం మీద బతికే మనిషి ఆ మాట అన్నది గనక దానికి బరువు. నిండిన గాదె పక్కన కూర్చుని ఎవరన్నా చెబితే నేనైతే పేజీ తిప్పేసేదాన్ని.

కదిరె రెమ్మవ్వది నూలు పని. తాను తిప్పే రాట్నం కులగోత్రాలు చెబుతా వినమంటుంది. అడుగు చెక్క బ్రహ్మ, పైన ఉన్నది విష్ణువు, నిలువు కొయ్య మహారుద్రుడు అని ఒక్కొక్క భాగాన్నీ దేవుళ్లకు పంచేస్తుంది. కులం అడిగే ఊళ్లో రాట్నానికి కులం చెప్పడంలో ఎంత ఎకసెక్కెం ఉందో రాట్నం తిప్పినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. గొగ్గవ్వది ధూపం వేసే కాయకం. కొట్టనద సోమవ్వ వడ్లు దంచేది. సత్యక్క వాకిళ్లు ఊడ్చేది. దారిలో బంగారం పడి ఉన్నా, బట్ట పడి ఉన్నా చెయ్యి చాచనని ఒట్టు వేసుకుంటుంది సత్యక్క. వీధులు ఊడ్చే మనిషికి ఆ ఒట్టు ఎంత రోజువారీదో ఊహించుకోండి.

ఇంకొకామె ఉంది, సూళె సంకవ్వ. వేశ్యావృత్తిలోంచి వచ్చింది. ఆమెది ఒకే ఒక్క వచనం మిగిలింది. ఒకడి దగ్గర సొమ్ము తీసుకుని మరొకడి దగ్గర తీసుకుంటే తనకి పట్టే గతేమిటో తన వృత్తి భాషలోనే, దాపరికం లేకుండా చెబుతుంది. ఒక దేవుణ్ణి నమ్మాక మరో దేవుడి వైపు చూడకూడదన్నది ఆమె చెప్పదలిచిన నీతి. నీతి పాతదే. ఆమె వాడిన సాక్ష్యం మాత్రం అచ్చంగా ఆమెదే. ఆ వచనం చివర ఆమె పెట్టుకున్న సంతకం ‘నిర్లజ్జేశ్వర’.

సంతకం అన్నాను గదా, అదే అసలు కీలకం. ప్రతి వచనం చివరా చెప్పినవాళ్లు తమ ఇష్టదైవం పేరు ముద్రగా వేస్తారు. దాన్ని అంకితం అంటారు. అక్కది చెన్నమల్లికార్జున, గొగ్గవ్వది నాస్తినాథ, సత్యక్కది శంభుజక్కేశ్వర. తాటాకు కట్టలో ఆకులు తారుమారైనా, రాసుకున్నవాళ్ల పేరు చెదలు తినేసినా, ఆ చివరి ముద్ర చూసి ఇది ఫలానా ఆమె మాట అని పట్టుకోగలిగారు. కొలువు రాతల్లో దొరకని గొంతు దేవుడి పేరు చాటున దాక్కుని ఎనిమిది వందల ఏళ్లు బతికింది.

ఇందులోనూ ఒక పేచీ ఉంది. లక్కమ్మ ముద్ర ‘మారయ్యప్రియ అమలేశ్వరలింగ’. దేవుడి ముందు మొగుడున్నాడు. జేడర దాసిమయ్య భార్య దుగ్గళవ్వది ‘దాసయ్యప్రియ రామనాథ’. హడపద అప్పణ్ణ భార్య లింగమ్మది ‘అప్పణ్ణప్రియ చన్నబసవణ్ణ’. ముక్తాయక్క అయితే చనిపోయిన అన్న అజగణ్ణ పేరే ముద్ర చేసుకుంది. పుస్తకం విషయసూచిక తెరిస్తే ఇంకా గట్టిగా తగులుతుంది: ఫలానావారి పుణ్యస్త్రీ కాళవ్వ, ఫలానావారి పుణ్యస్త్రీ మసణమ్మ, ఫలానావారి పుణ్యస్త్రీ రాయమ్మ. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు మండింది. తర్వాత ఆలోచిస్తే, కాళవ్వలు ఒకరికన్నా ఎక్కువమంది ఉన్నారు, రాయమ్మలూ ఇద్దరున్నారు. మొగుడి పేరు తీసేస్తే అందరూ కలిసిపోయి ఒకే ఆమె అయిపోతారు. కాబట్టి ఆ చీటీని చింపేయమనను. దాని పక్కన ఆమె చేసిన పనీ, ఆమె ముద్రా రాయమంటాను. ఉరిలింగపెద్ది భార్య కాళవ్వ దళిత స్త్రీ, తన మాట తాను చెప్పుకున్న మనిషి. ఆమెని ‘భార్య’ అన్న ఒక్క మాటలో దించెయ్యడం చరిత్రకే నష్టం.

గొగ్గవ్వ విషయంలో పండితులు మరో మెలిక పెడతారు. కొప్పు, రొమ్ములు చూసి ఆడదంటారు, మీసం చూసి మొగాడంటారు, ఈ రెంటి మధ్య ఉన్నది ఏది అన్న భావం దాసిమయ్య వచనంలో ఉంది, గొగ్గవ్వ వచనంలోనూ ఉంది. దాసిమయ్య ముందువాడు గనక ఆమె ఆయన్నుంచి తీసుకుందని తేల్చేస్తారు. తీసుకునే ఉండొచ్చు, ఆ రోజుల్లో మాటలు చేతులు మారేవి. కానీ దాసిమయ్య లోపలున్న ఆత్మ ఆడదీ కాదు మొగాడూ కాదని తీర్పు చెప్పాడు. గొగ్గవ్వ ఆత్మ జోలికి పోలేదు. తెలివికి ఆడా మగా ఉందా అని అడిగి వదిలేసింది. ధూపం వేసుకుని బతికే ఆడదానికి జనం ఇవ్వనిది ఆత్మని కాదు, తెలివిని. ఆ మార్పు ఆమెదే. దాన్ని నకలు అంటే నేను ఒప్పుకోను.

ఇక ఒక్క ముద్రా మిగలని ఆమె గురించి. హరళయ్య చెప్పులు కుట్టేవాడు, భార్య కళ్యాణమ్మ. వాళ్లబ్బాయి శీలవంతుడికి, బ్రాహ్మణ కులం నుంచి వచ్చిన మధువరసు తన కూతురు లావణ్యనిచ్చి పెళ్లి చేశాడు. ఆ పెళ్లితో కళ్యాణం అట్టుడికింది. బిజ్జలుడు హరళయ్యనీ మధువరసునీ ఏనుగు కాలికి కట్టి వీధుల్లో ఈడ్పించాడని చెబుతారు. తర్వాత బిజ్జలుడు హతుడయ్యాడు, శరణుల మీద, అంటే బసవణ్ణ బాటలో నడిచినవాళ్ల మీద, సైన్యం పడింది. 1167-68 ప్రాంతంలో ఊరు ఊరంతా చెదిరిపోయింది. నాటకాలూ నవలలూ ఈ కథ మీద చాలా వచ్చాయి. అన్నిట్లోనూ తండ్రులు మాట్లాడతారు, రాజు మాట్లాడతాడు, బసవణ్ణ మాట్లాడతాడు. ఇంత గొడవకీ మధ్యలో ఉన్న పెళ్లికూతురు ఏమంది? ఏమీ లేదు. తండ్రినీ మామనీ ఒకేరోజు పోగొట్టుకున్న ఆ పిల్ల పేరున ఒక్క వచనం లేదు. లక్కమ్మ పాతిక వచనాలు చదివి పొంగిపోయిన ప్రతిసారీ లావణ్య పేరు దగ్గర ఆగిపోవాల్సిందే.

శరణులు వచనాల కట్టలు మోసుకుంటూ పడమటి కనుమల్లోని ఉళవి వైపు పోయారు. చన్నబసవణ్ణ ముందు నడిచాడు, ఆయన తల్లి, బసవణ్ణ అక్క అయిన నాగమ్మ ఆ గుంపులో ఉంది. ఆ పారిపోయిన దారి చూడాలంటే ఆడవాళ్ల సమాధులు చూస్తే చాలు. బసవణ్ణ భార్యల్లో గంగాంబికది బెళగావి జిల్లాలో మలప్రభ ఒడ్డున ఎం.కె. హుబ్బళ్లి దగ్గర, నీలాంబికది కృష్ణ ఒడ్డున తంగడగిలో అని జనం నమ్మకం. నాగమ్మ ఎక్కడో దక్షిణాన తరీకెరె వైపు ఒరిగిందంటారు. బసవకళ్యాణ్‌లో ఆమె పేరున ఒక గుహ మాత్రం ఉంది. ఒక ఇంటి ముగ్గురు ఆడవాళ్లు మూడు చోట్ల మట్టిలో కలిశారు.

తర్వాత రెండు శతాబ్దాలకు పైగా ఆ కట్టలు మఠాల్లో, ఇళ్లలో, పూజగదుల్లో ఉన్నాయి. పదిహేనో శతాబ్దంలో విజయనగరం నీడన శివగణప్రసాది మహదేవయ్య మొదటి ‘శూన్యసంపాదనె’ కూర్చాడు. చెల్లాచెదురైన వచనాల్ని, శరణులు కూడి మాట్లాడుకున్న సభ అనుభవ మంటపంలో జరిగిన సంభాషణల్లా అల్లాడు. శరణుల్లో పెద్దవాడైన అల్లమప్రభువు అక్కమహాదేవిని నిలదీయడం, ఆమె జవాబివ్వడం అందులోదే. చదువుతుంటే పక్కన కూర్చుని విన్నట్టుంటుంది. వచనాలు ఆమెవి, ఆ సభని అమర్చింది మాత్రం శతాబ్దాల తర్వాతి మొగవాళ్లు. ఎవరు ముందు అడగాలో, ఎవరు చివరికి ఒప్పుకోవాలో వాళ్లే నిర్ణయించారు. అందుకే నేను అక్క వచనాలు విడిగా చదివి, ఆ తర్వాతే ఆ సభలోకి వెళ్లమంటాను.

వీటిని అచ్చులోకి తెచ్చిన మనిషి ఫ.గు. హళకట్టి. బిజాపూర్‌లో వకీలు. ఊరూరా తిరిగి తాటాకులు పోగుచేసి 1923లో ‘వచనశాస్త్రసార’ మొదటి భాగం తెచ్చారు. అచ్చు వేసేవాళ్లు దొరకక తిప్పలుపడి, ఇల్లమ్మి 1925లో సొంత ప్రెస్సు పెట్టారు. మరుసటి ఏడు ‘శివానుభవ’ పత్రిక మొదలైంది. ఆయనకి ముందు పండితులకి తెలిసిన వచనకారులు యాభైమంది లోపే. ఆయన చేతికి రెండొందల యాభైమంది దాకా తేలారు. ఆ తేలినవాళ్లలోనే మన లక్కమ్మలు, రెమ్మవ్వలు.

తర్వాతి తరంలో ఎం.ఎం. కల్బుర్గి. సమగ్ర వచన సంపుటాలకి ప్రధాన సంపాదకులు. నీలాంబిక వచనాల్ని ఆమె మాటగానే తీసుకుని, బసవణ్ణతో ఆమె కాపురం గురించి అవి ఏం చెబుతున్నాయో ఒక వ్యాసంలో రాశారు. దాని మీద పెద్ద రభస లేచి 1989లో ఆ రాతలు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. ఎనిమిది వందల ఏళ్లనాటి భార్య ఏమందో చదవడానికి కూడా ఇంత వెల కట్టాలా అని నాకిప్పటికీ కోపమే. 2015 ఆగస్టు 30న ధారవాడలోని ఆయన ఇంట్లోనే ఆయన్ని కాల్చి చంపారు.

మన తెలుగువైపు ఈ కథ మరోలా నడిచింది. పదమూడో శతాబ్దంలో పాల్కురికి సోమనాథుడు బసవపురాణం ద్విపదలో చెప్పాడు. 1369లో భీమకవి దాన్ని కన్నడంలోకి తీసుకెళ్లాడు. అంటే కన్నడ బసవపురాణానికి మూలం తెలుగువాడిదే. అందులో ఆడవాళ్లు బోలెడు. పాలగిన్నెతో గుడికి వెళ్లే గొడగూచి, శివుడికి తల్లి లేదని కన్నీళ్లు పెట్టుకున్న బెజ్జమహాదేవి, పిట్టవ్వ. చదివితే మనసు కరుగుతుంది. వాళ్లు మాట్లాడేదంతా సోమనాథుడి తెలుగు. అది తప్పు కాదు, పురాణం పద్ధతే అంత. ఫలితం మాత్రం ఒకటుంది. తెలుగులో మనకి భక్తురాళ్ల కథలు మిగిలాయి, కన్నడంలో వాళ్ల సొంత మాటలు మిగిలాయి.

తెలుగులో ఆ లోటు పూడ్చే పని హైదరాబాద్‌లో జరిగింది. 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ల దగ్గర కూర్చుని, టేపు పెట్టి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాశారు. చాకలి ఐలమ్మ అందులో మాట్లాడింది, మల్లు స్వరాజ్యం మాట్లాడింది. అదే బృందంలోని కె. లలిత, సూసీ తారు కలిసి భారతీయ స్త్రీల రచనల్ని రెండు పెద్ద ఇంగ్లీషు సంపుటాలుగా కూర్చారు. 1991లో వచ్చిన మొదటిదాంట్లో మన ముద్దుపళని ఉంది, అక్కమహాదేవి ఉంది, ఒకే ఒక్క వచనంతో సూళె సంకవ్వా ఉంది. కళ్యాణం నుంచి బయల్దేరిన ఆ ఒక్క వచనం హైదరాబాద్ ఆడవాళ్ల చేతుల మీదుగా ప్రపంచంలోకి వెళ్లింది.

2021 జనవరిలో బసవకళ్యాణ్‌లో కొత్త అనుభవ మంటపానికి శంకుస్థాపన జరిగింది. 770 మంది శరణుల గుర్తుగా 770 స్తంభాలు ఉంటాయన్నారు. వాటిమీద పేర్లు చెక్కేటప్పుడు వడ్లు దంచిన సోమవ్వ అని, నూలు వడికిన రెమ్మవ్వ అని పనితో సహా చెక్కాలని ఇక్కడివాళ్లకి నేను చెబుతూనే ఉన్నాను. తెలుగు పంతుళ్లకి వేరే మనవి ఉంది. క్లాసులో బెజ్జమహాదేవి కథ చెప్పిన రోజున, లక్కమ్మ వచనం కూడా ఒకటి తెలుగు చేసి పిల్లలకి చదివి వినిపించండి. ఒక కవి పలికించిన అమ్మనీ, తన నోటితో తాను మాట్లాడిన అమ్మనీ ఒకేరోజు విననివ్వండి. లక్కమ్మ ముద్ర మాత్రం వదిలిపెట్టకుండా చివరిదాకా చదవండి.